ముల్లు మీద పావలా

మా ఇంట్లో ఒక పాత నికెల్ పావలా వుంది. 2011 జూన్ 30తో పావలాల చెలామణీ తీరిపోయింది గనుక దానికిప్పుడు ఏ కొట్లోనూ ఏమీ రాదు. అయినా ఆ పావలా నా చేత చేయించిన నష్టం నోట్ల కట్టలు పోసినా పూడేది కాదు. ఆ కథ చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే వుంది. కాని అటక మీద పాత రికార్డులు దాచుకున్న ఇళ్లు మనవాళ్లలో ఇంకా చాలా వున్నాయి. ముచ్చటపడి కొత్తగా టర్న్‌టేబిల్ కొనుక్కుంటున్న కుర్రవాళ్లూ కనిపిస్తున్నారు. వాళ్లలో ఏ ఒక్కరైనా నేను చేసిన పని చెయ్యకుండా వుంటే, నేను సిగ్గు విడిచినందుకు ఫలితం దక్కినట్టే.

మాది మేడ్చల్. ఇక్కడి కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. మా నాన్నగారికి డెబ్బయ్యెనిమిదేళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతంలో మిగిల్చిన డబ్బుతో ఆయన ఒక పెట్టె ప్లేయరూ, దానితోబాటు ఘంటసాల వారి భగవద్గీత రికార్డూ కొన్నారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి కాలంలో ఆయన పాడిన గీత రికార్డై ఊరూరా వినిపిస్తూవున్న రోజులవి. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. శ్లోకం వెంట తెలుగులో తాత్పర్యం కూడా వస్తుంది గనుక ఆ రికార్డు ఆవిడకు బడీ గుడీ రెండూ అయింది. ఆదివారం పొద్దున్నే తలంటుకొని వచ్చి ప్లేయరు ముందు కూర్చునేది. ఆవిడ పోయి ముప్ఫయ్యేళ్లు దాటింది. మా ఇంట్లో ఆదివారం గీత మాత్రం ఆగలేదు. నడుమ ప్లేయరు పాడైతే కాసెట్టు మీద విన్నాం గాని మానలేదు.

మూడేళ్ల కిందట నేనొక కొత్త టర్న్‌టేబిల్ కొన్నాను. నాన్నగారి సంతోషం చూడాలి! పెట్టె అడుగున వున్న రికార్డును పెళ్లికొడుకును చేసినట్టు తుడిచి తెచ్చారు. పెట్టాం. రెండు శ్లోకాలు సాగాయో లేదో, ముల్లు ఎగిరి ముందుకు దూకింది. మళ్లీ పెడితే మళ్లీ దూకింది.

"తల మీద ఒక పావలా పెట్టరా. గప్పుడు మేం గట్లనే పెడుతుంటిమి" అన్నారు నాన్నగారు.

అమ్మ పోపుల డబ్బాలో నుంచి పావలా వెతికి తెచ్చింది. పెట్టాను. ముల్లు బుద్ధిగా నడిచింది. సమస్య తీరిందని అందరం కాఫీలు తాగాం.

తెలుగు చెప్పేవాణ్ని గనుక నా చెవికి ఒక జబ్బు వుంది. ఎవరు మాట్లాడినా శ, ష, స అనే మూడూ విడివిడిగా పలుకుతున్నారా లేదా అని కనిపెడుతూ వుంటుంది. ఘంటసాల వారి నోట ఆ మూడూ మూడు వేరువేరు గంటల్లా మోగుతాయి. రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం వింటున్నాను గదా, మూడూ ఒకటైపోయినవి. రంపంతో కర్ర కోసినట్టు గరగరలాడుతున్నవి. నాన్నగారు కళ్లు తెరిచి, "ఏమైందిరా, ఆయన గొంతు గట్ల గీసుకపోతుంది?" అన్నారు.

నాకు గుండె జారింది.

సికిందరాబాదులో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన వున్నారు. ముల్లు వున్న తలకాయను విప్పి, రికార్డును వొళ్లో పెట్టుకొని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని ముల్లును చూశారు. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టి చూశారు.

"దీని మీద ఎంత పెట్టిన్రు?"

"పావలా."

"ధర అడుగుత లేను సార్. బరువు అడుగుతున్న."

నా దగ్గర జవాబు లేదు. తిరుగు బస్సులో మేడ్చల్ బజారులో దిగి, సరాసరి అవుసులాయన దుకాణానికి వెళ్లి పావలా చేతికిచ్చాను. "సారూ, గిది ఎండి గూడ కాదు, తూకమెందుకు?" అని ఆయన నవ్వాడు. త్రాసు రెండున్నర గ్రాములు చూపింది. ఇంటికి వచ్చి, టర్న్‌టేబిల్‌తో వచ్చిన కాగితాన్ని మొదటిసారి చదివాను. ఆ ముల్లు మొయ్యవలసిన బరువు మొత్తం రెండు గ్రాములట! మోతకు మించిన బరువును దాని నెత్తిన పెట్టి, ఆదివారం ఆదివారం మా నాయనమ్మ రికార్డు మీద దున్నించానన్నమాట.

ముల్లూ, గాడీ

అప్పటినుంచి ఈ ముల్లు సంగతేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. పాఠకులు కూడా కొంచెం ఓపిక పట్టి వింటే, తరువాతి మాటలు తేలికగా తెలుస్తాయి.

ఎల్.పి. రికార్డు ఒక వైపున కనిపించే గీతలన్నీ నిజానికి ఒకే గీత. వెలుపలి అంచు నుంచి నడిమి దాకా చుట్టలు చుట్టుకొని పోయే ఒకే గాడి. దాని వెడల్పు మన తల వెంట్రుక కంటే తక్కువ. ఆ గాడికి రెండు గోడలు. గాయకుడి గొంతు, వీణ, మృదంగం అన్నీ ఆ గోడల మీది సన్నని వొంపులే. 1958 ప్రాంతాన స్టీరియో రికార్డులు వచ్చాక ఒక గోడ ఎడమ స్పీకరుకూ, రెండో గోడ కుడి స్పీకరుకూ పని చేస్తున్నాయి.

ఆ వొంపుల వెంట నడిచేది ముల్లు. ఇవాళ మంచి ముల్లు కొన వజ్రంతో చేస్తారు. అది ఒక సన్నని పుల్ల చివర వుంటుంది. పుల్ల రెండో చివర ఆవగింజంత అయస్కాంతం. ముల్లు కదిలితే అయస్కాంతం కదులుతుంది. పక్కనున్న తీగచుట్టల్లో మూడు నుంచి ఆరు మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది. ముల్లు, పుల్ల, అయస్కాంతం, తీగచుట్టలు అన్నీ ఇముడ్చుకున్న చిన్న పెట్టెకే కార్ట్రిడ్జి అని పేరు. ఆ తరువాత వుండే ఆంప్లిఫయరూ స్పీకర్లూ ఎంత ఖరీదైనవైనా, ముల్లు చెప్పిన మాటను పెద్దగా చెప్పగలవే గాని, ముల్లు వినని మాటను అవి చెప్పలేవు. మొత్తం సరంజామాలో రికార్డును తాకేది ఈ ముల్లు ఒక్కటే. బాగుచేసినా అదే, పాడుచేసినా అదే.

అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా నష్టం అరిటాకుకే అంటారు. ఈ సామెతకు ఒక మినహాయింపు వున్నదని శామీర్‌పేటలో తెలిసింది. మా మామగారి ఊరది. ఆయన దగ్గర కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోనూ, ఒక చెక్కపెట్టె నిండా 78 ప్లేట్లూ వున్నాయి. ఘంటసాల పాడిన పుష్పవిలాపం పద్యాలు, టంగుటూరి సూర్యకుమారి పాటలు, రావు బాలసరస్వతీదేవి పాటలు. ఆ గ్రామఫోను సౌండుబాక్సు ప్లేటు మీద మోపే బరువు నూరు గ్రాములకు పైమాటే! ముల్లు ఉక్కుది. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. లక్కలో పలకరాతి పొడి వంటి గరుకు పదార్థం కావాలనే కలిపేవారు. ఆ గరుకు ఉక్కుముల్లును అరగదీసి తన గాడికి సరిపడేటట్టు మలుచుకునేది. అందుచేతనే ఒక వైపు వినగానే ముల్లు తీసి పారెయ్యాలి. చిన్న రేకు డబ్బాల్లో వందలకొద్దీ ముళ్లు అమ్మింది అందుకే. అక్కడ ముల్లూ అరిగేది, అరిటాకూ అరిగేది.

పావలా అలవాటు కూడా ఆ బరువుల కాలపు వాసనే కాబోలు. నూరు గ్రాములు మోసిన ప్లేట్లు చూసినవారికి రెండున్నర గ్రాములు ఒక లెక్కా? కాని ఎల్.పి. మెత్తని వినైలుతో చేసినది. దానికది పెద్ద లెక్కే.

ఏ ముల్లు కొనాలి?

"అల్లుడుగారూ, మీ కొత్త మిషను మీద నా ప్లేట్లు పెట్టి చూద్దామా?" అని మామగారు ఒకసారి అడిగారు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది గనుక తొందరపడలేదు. ముల్లు కొనేవారు దుకాణానికి వెళ్లకముందే వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇంట్లో వున్నవి ఏ రికార్డులు?

78 ప్లేటు గాడి ఎల్.పి. గాడికి దాదాపు మూడింతలు వెడల్పు. ఎల్.పి. ముల్లు మొన గుండ్రదనం సుమారు 18 మైక్రాన్లైతే, 78 ముల్లుది సుమారు 76. ఎల్.పి. ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగుకు జారి, అక్కడి దుమ్మును ఈడ్చుకుంటూ పోతుంది. 78 ముల్లును ఎల్.పి. మీద పెడితే అది గాడిలో దిగదు, అంచులు చెక్కేస్తుంది. పాత పెట్టె ప్లేయర్లలో ముల్లును అటూ ఇటూ తిప్పే చిన్న మీట వుండేది గుర్తుందా? ఒక పక్క 78, రెండో పక్క ఎల్.పి. పిల్లలు దాన్ని తిప్పి ఆడుకున్న ఇళ్లలో రికార్డులు బతికి బట్టకట్టడం కష్టం. ఇంకొక మాట: కొత్త టర్న్‌టేబిళ్లు చాలావాటికి 33, 45 వేగాలే వుంటాయి. 78 ప్లేట్లున్నవారు ఆ మూడో వేగం వున్నదో లేదో చూసి కొనాలి.

78 ప్లేట్లను చాదస్తమని తీసిపారెయ్యకండి. మద్రాసులో వుండి వేలకొద్దీ 78లు సేకరించిన వి.ఎ.కె. రంగారావుగారి వంటివారు భద్రపరచబట్టే పాతతరం గాయకుల గొంతులు ఎన్నో మనకు మిగిలినవి. కొన్ని పాటలకు ఈనాటికీ ఆ లక్క ప్లేటే ఆధారం.

రెండో ప్రశ్న: మీ ప్లేయరు ఏ కార్ట్రిడ్జిని మొయ్యగలదు? ఇవి ముఖ్యంగా మూడు జాతులు. సెరామిక్ జాతి చవక. వందల మిల్లీవోల్టులిస్తుంది గాని బరువు అయిదారు గ్రాముల దాకా కోరుతుంది. సూట్‌కేసు మాదిరి చిన్న ప్లేయర్లలో వుండేది సాధారణంగా ఇదే. దాచుకోవలసిన రికార్డులను వాటి మీద పెట్టకపోవడం మంచిది. రెండోది, పైన చెప్పిన కదిలే అయస్కాంతపు జాతి. బరువు రెండు గ్రాముల చుట్టుపక్కల. ముల్లు అరిగితే ముల్లొక్కటే లాగి కొత్తది తొడుక్కోవచ్చు. మూడోది కదిలే తీగచుట్ట జాతి. 1960లలో జపాను రేడియోవారి కోసం తయారైన డెనాన్ డి.ఎల్. 103 ఈ జాతిలో పేరుమోసినది. అర మిల్లీవోల్టుకు లోపే ఇస్తుంది గనుక ప్రత్యేకమైన ఆంప్లిఫయరు కావాలి. ముల్లు అరిగితే సామాన్యంగా మొత్తం కార్ట్రిడ్జినే మార్చుకోవాలి. సంసారులకు రెండో జాతే సుఖం.

మూడో ప్రశ్న: రేపు ముల్లు దొరుకుతుందా? షూర్ కంపెనీ ఎంతటి ప్రసిద్ధమైనదో తెలిసినవారికి తెలుసు. అది 2018లో కార్ట్రిడ్జీల తయారీ మానుకొన్నది. వజ్రపు ముల్లు కూడా వెయ్యి గంటలలోపే మార్పు కోరుతుంది. కనుక ముళ్లు విడిగా అమ్మే కార్ట్రిడ్జిని ఎంచుకోవాలి. నేను ఆడియో టెక్నికా వారి వి.ఎం.95 వరుస తీసుకున్నాను. ఓర్టోఫాన్ వారి 2ఎం. వరుస కూడా ఇటువంటిదే. వి.ఎం.95లో పెట్టె ఒకటే, ముళ్లు రకరకాలు. గుండ్రని మొన, కోడిగుడ్డు మొన, ఇంకా సన్నని అంచు మొన, 78లకు వేరే లావు మొన.

నాకు పనికివచ్చింది ఆ సన్నని అంచు మొన. మామూలు మొన అరగదీసిన గోడ మీద, అది తాకని చోట కొంత భాగం చెడకుండా మిగిలి వుంటుంది. సన్నని అంచు మొన గోడకు నిలువుగా ఆనుకొని ఆ మిగిలిన భాగాన్ని కూడా చదువుతుంది. ఖరీదు కొంచెం ఎక్కువే. కాని మా ఆవిడ లెక్కలు చూసి కూడా ఒక్క మాట అనలేదు. ఆవిడా ఆ గరగర విన్నది గదా!

రెండు గ్రాముల తూకం

కార్ట్రిడ్జిని బిగించడం మంగళసూత్రానికి ముడి వెయ్యడం వంటిది. తొందర పనికిరాదు. ముందుగా ముల్లు మీది మూత తియ్యకుండా, రెండు మరలు వదులుగా బిగించాలి. వెనక నాలుగు తీగలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ కుడివైపువి; తెలుపు, నీలం ఎడమవైపువి. గుర్తులను బట్టి తొడిగితే చాలు.

తరువాత చేతి తూకం. ముల్లును మోసే సన్నని చేతికి వెనక ఒక గుండు వుంటుంది. పక్కకు లాగే స్ప్రింగు మీటను సున్న మీద పెట్టి, మూత తీసి, చెయ్యి గాలిలో త్రాసుకాడలా అడ్డంగా తేలేదాకా ఆ గుండును తిప్పాలి. అప్పుడు అంకెల చక్రాన్ని సున్నకు తెచ్చి, అక్కడినుంచి రెండుకు తిప్పాలి. నేను మొదట్లో ఆ సున్న సంగతే ఎరగను. చెయ్యి తేలకుండానే అంకె రెండుకు తిప్పాను. ముల్లు మీద పడ్డది ఒకటిన్నర గ్రామో ఏమో! బరువు చాలకే అది దూకింది. బరువు మరీ తక్కువైనా నష్టమే సుమా. ముల్లు గాడిలో కుదురుగా కూర్చోక గోడలకు కొట్టుకుంటుంది.

అంకెల చక్రాన్ని నమ్మి వూరుకోకుండా, కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న త్రాసు కొనుక్కోవడం మంచిది. దాని పళ్లెం ఇనుపది కాకూడదు. అయస్కాంతాన్ని లాగి తప్పుడు లెక్క చెబుతుంది. త్రాసు నిజం చెబుతున్నదో లేదో చూసేందుకు ఒక ఉపాయం. 1965లో మొదలైన అల్యూమినియం రెండు పైసల బిళ్ల బరువు ఒక గ్రాము. మరీ అరగని బిళ్లలు రెండు వేస్తే రెండు గ్రాములు. అన్ని ఇళ్లల్లోనూ ఏ మూలో ఒకటి రెండు వుంటాయి. నాణెం ముల్లు మీద గాక త్రాసులో పెట్టవలసిందని ఇన్నాళ్లకు తెలిసింది!

ఇక కోణం. రికార్డు తయారీలో గాడి కోసే ఉలి సరళరేఖ మీద నడుస్తుంది. మన ప్లేయరు చెయ్యి మాత్రం ఒక కొన పాతుకొని వాకిలి తలుపులా వంపు తిరుగుతుంది. అందుచేత ముల్లు గాడికి సరిగ్గా తిన్నగా వుండేది రెండు చోట్ల మాత్రమే. 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్ అనేవారు లెక్కలు కట్టి ఆ చోట్లు ఎక్కడ వుంటే తప్పు తగ్గుతుందో చెప్పారు. సాధారణంగా నడిమి నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 121 దగ్గర ఇంకొకటి. ఆ గుర్తులు అచ్చువేసిన కాగితం దొరుకుతుంది. ముల్లును ఆ చుక్కల మీద మోపి, కార్ట్రిడ్జి గళ్లగీతలకు వంకర లేకుండా వుండేదాకా ముందుకూ వెనక్కూ జరిపి, మరలు బిగించాలి. బిగించాక బరువు ఇంకొకసారి చూడాలి. పక్కకు లాగే స్ప్రింగుకు బరువెంతో అంతే అంకె పెట్టాలి. చెయ్యి పక్క నుంచి చూస్తే రికార్డుకు సమాంతరంగా, ఎదుట నుంచి చూస్తే కార్ట్రిడ్జి నిట్టనిలువుగా వుండాలి. చిన్న అద్దం మీద ముల్లును మోపి చూస్తే వాలు ఇట్టే తెలుస్తుంది.

మా మేడ్చల్ వారికి ఇంకొక తద్దినం వుంది. ఒక ప్రక్క రైలు, ఒక ప్రక్క జాతీయ రహదారి మీద లారీలు. వంటింటి గట్టు వేయించగా మిగిలిన గ్రానైటు పలక ఒకటి గోడ బల్ల మీద వేసి, మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి మట్టం చూసి, దాని మీద టర్న్‌టేబిల్ పెట్టాను. లారీ వెళితే ముల్లు అదరడం మానింది. కొత్త కట్టడాల దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. పెట్టేముందు రికార్డును తుడవడం, ముల్లును మెత్తని కుంచెతో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవడం మా అమ్మాయి పని. ఎండాకాలంలో రికార్డులను కారులో వదలకండి. అప్పడాల్లా వంగిపోతాయి.

సకార పరీక్ష

అన్నీ అయ్యాక చెవికి మించిన త్రాసు లేదు. రికార్డు లోపలి చివరి పాటలే పరీక్ష పెడతాయి. వెలుపలి అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తితే, లోపలి చివర 21 మాత్రమే. అంత ఇరుకులో వొంపులన్నీ కుక్కుకొని వుంటాయి. అక్కడ శ, ష, స మూడూ స్పష్టంగా పలికితే ముల్లు పాసైనట్టు. బుస్సుమంటే మళ్లీ కాగితం, త్రాసు తియ్యాలి.

ఆ ఆదివారం నాన్నగారికి ముందుగా ఏమీ చెప్పలేదు. కొత్త ముల్లుతో గీత పెట్టాను. నేను పాడుచేసిన వైపే పెట్టాను. గరగర పూర్తిగా పోలేదు. అబద్ధమెందుకు, కొన్ని చోట్ల అది వుండనే వుంది. అది నా చేతిరాత, ఇక పోదు. కాని ఆ గరగర వెనక నుంచి మూడు అక్షరాలూ విడివిడిగా నడిచి వచ్చినవి. ముందు శకారం, తరువాత సకారం, ఆ తరువాత నాలుక మడిచి పలికిన షకారం. నాన్నగారు కళ్లు మూసుకొనే వున్నారు. ఒక వైపు అయిపోయింది. రోజూ అయితే ఆయన అక్కడితో లేచి పేపరు అందుకుంటారు.

"రెండో దిక్కు గూడ వెయ్యరా" అన్నారు.

వేశాను. పావలా మళ్లీ పోపుల డబ్బాలోకి వెళ్లింది. ఆవాల మధ్య వుంటే అది ఎవరి గొంతూ నొక్కదు.